మూడో తీగ

బెర్గెన్‌లో వాన పడని రోజున
మా కొట్టుకి ఎవరూ రారు.
ఆమె వానలోనే వచ్చింది.
రెయిన్‌కోటు విప్పకుండా, చంకలో ఒకే ఒక్క రికార్డుతో,
ధర చీటీలన్నీ వరసగా చదువుకుంటూ పోయి
గోడవారన చిట్టచివరి దాని దగ్గర ఆగి అడిగింది:
"ఎంత పెడితే నిజం వినబడుతుంది?"

ముప్పయ్యేళ్ళుగా టర్న్‌టేబుళ్ళు అమ్ముతున్నాను.
బెల్టు ఎన్నాళ్ళకి సాగుతుంది,
ముల్లు అరిగితే కొత్తది ఎంత,
మా ఆవిడ కంట పడకుండా నల్లరంగులో ఉందా,
ఇవీ నేనెరిగిన ప్రశ్నలు.
ఈమె ప్రశ్నకి కేటలాగులో పేజీ లేదు.

పేరు యోరున్. పియానోలు శ్రుతి చేసేది. ఇప్పుడు మానేసింది.
డెబ్బై తొమ్మిది మార్చిలో
ఫ్యోర్డ్ అవతల చెక్క చర్చిలో రికార్డింగు.
మెట్లన్నీ సరిచేసి సంచీ సర్దుకుంటుంటే
కుడి చివర నుంచి పదిహేడో మెట్టు మీద అనుమానం.
దానికి మూడు తీగలు.
మూడోది కుదిరిందో లేదో
ఒక్కసారి చూద్దామనుకునేలోగా
ఆఖరి ఫెర్రీ కూత వేసింది.
ఆమె పరిగెత్తింది.

"మా ఇంటి డబ్బాలో నలభయ్యేళ్ళు విన్నాను.
ఒకనాడు ఉన్నట్టే ఉంటుంది,
ఒకనాడు లేనట్టే."

మొదటిది పెట్టాను. గాజు పళ్ళెం, సన్నటి చెయ్యి.
"బాగుంది" అంది, బస్సు టైముకి వచ్చిందన్నట్టు.

రెండోది వాల్‌నట్ చెక్క.
పియానో గదిలోకి వచ్చి చలి కాచుకుంది.
ఆమె కోటు గుండీలు విప్పింది.
కానీ వేలు మాత్రం ఒళ్ళో కదల్లేదు.

మూడోది ఇద్దరు మనుషులు ఎత్తాల్సిన రాతి పీఠం.
నా కారు కన్నా ఖరీదు,
నా కారు కన్నా నెమ్మదిగా తిరిగేది.
రసమట్టం పెట్టి బుడగ నడిమికొచ్చేదాకా మరలు తిప్పి,
చెయ్యి చివర పదిహేను గురిగింజల బరువు
కంసాలిలా తూచి,
ఊపిరి బిగబట్టి ముల్లు దించాను.

ముందు చర్చి వినబడింది. ఆ తర్వాతే పియానో.
ఎవరో బెంచీ మీద కాలు మార్చుకున్నారు.
వాయించే మనిషి ముక్కుతో గాలి పీల్చాడు.
ఆమె వేలు లేచింది.
"అదిగో."

నాకేం వినబడలేదు.
వెనక్కి జరిపి మళ్ళీ దించాను.
"అదిగో, వణుకుతోంది. దోమ రెక్కంత."
వినబడలేదు. తల ఊపాను.
అమ్మేవాడి తల కదా,
దానికది ఊగుతుంది.

ఏడుస్తుందేమోనని రుమాలు పెట్టె దగ్గరికి జరిపాను.
ఆమె నవ్వింది, పళ్ళన్నీ కనబడేట్టు.
"ఆ రోజు నా చెవి సరిగ్గానే చెప్పింది.
ఫెర్రీదే తొందర."

"అయితే ఇది ప్యాక్ చేయించనా?"
(నోట్లో నీళ్ళూరాయి, దాచను.)
"దీన్నా? తెలిసిపోయిందిగా.
రోజూ ఎవరు వింటారు దాని మొహం!
ఆ చెక్కది ఇవ్వండి.
అది తప్పుని చూసి కూడా
ఊరందరికీ చెప్పదు."

శనివారం బిగించడానికి వెళ్ళాను.
కొండవాలు మీద నూటేళ్ళ చెక్క ఇల్లు,
నేల సముద్రం వైపు ఒరిగిపోయింది.
రసమట్టం ఎక్కడ పెట్టినా
బుడగ వంటింట్లోకి పారిపోతోంది.
చివరికి గోడకే అర కొట్టాను, ఆరు మేకులతో.

ఆమె కాఫీ తేవడానికి వెళ్ళింది.
మూలనున్న పియానో మీద
మందుల డబ్బాలు, ఎండిన నారింజ తొక్క, ఉన్ని చేతి తొడుగు ఒకటే.
ఊరికే ఉండలేక
కుడి చివర నుంచి లెక్కపెట్టుకుంటూ
పదిహేడోది నొక్కాను.

అది నాకు కూడా వినబడింది.

"శ్రుతి చేసి పదకొండేళ్ళయింది."
లోపల్నుంచి చెంచాల చప్పుడు మధ్య ఆమె గొంతు.
"నొక్కకండి.
నాకు పంచదార లెక్క తప్పుతోంది."